పాత మారియో ఎన్నిసార్లు ఆడినా బోర్ కొట్టదు, మన ఆటను రెండు నిమిషాల్లో ఎందుకు పక్కన పెడతరు?

తమ్మీ, చదివేటోళ్లకు తెలవాలె కాబట్టి నీ ప్రశ్నను ముందు చిన్నగ చెప్త. నల్లగొండలో డిప్లొమా చదువుకుంట, గోడాట్ 4 అనే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో దేవరకొండ ఖిల్లా మీద ఒక ప్లాట్‌ఫామ్ గేమ్ చేసినవు. తాళ్లెక్కే పిల్లగాడు హీరో, దారిపొడుగునా కల్లు లొట్లు ఏరుకుంట పోతడు. స్క్రీన్ 320×180, టైల్ (లెవెల్ కట్టే చదరపు ముక్క) 16 పిక్సెళ్లు, కదలికకు గోడాట్ ఇచ్చిన స్క్రిప్టే, అంకెలు కూడా మార్చలె. ఆరు లెవెళ్లయినయి. బొమ్మలు మస్తున్నయని అందరూ అంటరు గానీ రెండు నిమిషాలకే ఫోన్ నీ చేతిలో పెడతరు. "అన్నా, నలభై ఏండ్ల కింది మారియోలో ఉన్నదేంది, నా దాంట్లో లేనిదేంది?" అని అడిగినవు.

సూటిగ చెప్పాలంటే, లోపం జంప్‌లో ఉంది. ఏడో లెవెల్ ఆపు. బటన్ నొక్కంగనే హీరో పలకాలె, ఆ జంప్ కొలతతోనే ప్రతి గుంత, ప్రతి గోడ కట్టాలె, చచ్చినప్పుడు "నాదే తప్పు, ఇంకోసారి చూస్త" అని ఆడేటోడికి అనిపియ్యాలె. ఈ మూడు కుదిరితే బూడిద రంగు డబ్బాల మీద కూడా పిల్లలు గంట ఆడతరు. కుదరకపోతే ఎంత మంచి బొమ్మలేసినా లాభం లేదు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. అందులో మబ్బులు, పొదలు ఒకటే బొమ్మ, రంగే వేరు. అంత తక్కువ జాగాలో కూడా మారియోను తయారుచేసిన మియామొటో బృందం నడక, పరుగు, జారుడు, గాలిలో మలుపు, బటన్ పట్టుకున్నంతసేపు పెరిగే ఎత్తు, అన్నీ పెట్టింది. జాగా దేనికి ఖర్చు పెట్టిండ్రో చూస్తే ఏది ముఖ్యమో తెలుస్తది.

ఇప్పుడు నీ అంకెలు చూద్దాం. గోడాట్ స్క్రిప్ట్‌లో వేగం 300, జంప్ -400 (గోడాట్‌లో పైకి అంటే మైనస్), ప్రాజెక్ట్ గ్రావిటీ 980. లెక్క కడితే పైకి పోను 0.41 సెకను, మళ్లీ కిందికి అంతే. మొత్తం 0.8 సెకను పైనే గాలిలో ఉంటడు. ఎత్తు దగ్గర దగ్గర 5 టైళ్లు, దూరం 245 పిక్సెళ్లు, అంటే 15 టైళ్లు. నీ స్క్రీన్ వెడల్పే 20 టైళ్లు! ఒక్క దుంకుకు ముప్పావు స్క్రీన్ దాటిపోతున్నడు. దిగే జాగ కనపడకముందే దుంకాల్సి వస్తుంది, పైకి పోయి తేలుతున్నట్టు అనిపిస్తది. ఆ అంకెలు గోడాట్ మామూలుగ తెరిచే 1152×648 కిటికీకి సరిపోతయి, నీ చిన్న స్క్రీన్‌కు కావు. చిన్న పిక్సెల్ ఆటలు మొదలుపెట్టిన చాలామంది దగ్గర ఇదే అంకె అట్లనే ఉంటది.

అంకెలను గుడ్డిగా పెంచుకుంట తగ్గించుకుంట కూసోకు. ముందు నీకు కావాల్సిన ఎత్తు, పైకి పోయే సమయం తేల్చుకో. మిగిలింది లెక్క:

గ్రావిటీ = 2 × ఎత్తు ÷ (సమయం × సమయం)
జంప్ వేగం = 2 × ఎత్తు ÷ సమయం

4 టైళ్ల గోడ ఎక్కాలె అనుకుందాం. అది 64 పిక్సెళ్లు. కానీ 64 పెట్టొద్దు, 68 పెట్టు. సమయం 0.4 సెకను తీసుకుంటే గ్రావిటీ 850, జంప్ -340 వస్తయి. ఆ 4 పిక్సెళ్లు ఎందుకంటే, జంప్ వేగం పెట్టిన ఫ్రేములోనే (ఫ్రేమంటే స్క్రీన్ మీద ఒక్కో బొమ్మ మారుడు) గ్రావిటీ కోసి తర్వాత జరిపే స్క్రిప్టుల్లో సూత్రం చెప్పిన ఎత్తు పూర్తిగ రాదు. సెకనుకు 60 ఫ్రేముల లెక్కన అట్లైతే 3 పిక్సెళ్ల దాకా పోతది, నిజంగ వచ్చేది 65. అట్ల రాసి సరిగ్గ 64 పెట్టినోడి హీరో గోడ అంచుకు మోకాలు తగిలి పడిపోతనే ఉంటడు, ఎందుకో వాడికి అర్థం కాదు.

కిందికి వచ్చేటప్పుడు గ్రావిటీని రెండింతలు చెయ్యి, 1700. పడే వేగం మాత్రం 340 దాటనీయకు, లేకుంటే ఎక్కడ పడుతున్నడో కన్ను పట్టుకోలేదు. ఈ లెక్కన కిందికి రావడానికి 0.3 సెకను, మొత్తం 0.7. అడ్డం వేగం 120 పెడితే ఒక జంప్ 84 పిక్సెళ్లు, అంటే 5 టైళ్లు దాటుతది. నిజమైన ప్రపంచంలో ఇట్ల పడరు, కానీ ఆటలో ఎక్కుడు మెల్లగ, దిగుడు గట్టిగ ఉంటేనే ఒంట్లో బరువు ఉన్నట్టు అనిపిస్తది. "తేలుతుంది" అన్న మాట ఇక్కడే పోతది.

నడకకు వస్తే, నిలబడ్డ చోటు నుంచి పూర్తి వేగం 0.1 సెకనులో రావాలె, అంటే త్వరణం 1200. ఆగడానికి ఇంకా తక్కువ సమయం పట్టాలె, 1800 పెట్టు. గాలిలో ఉన్నప్పుడు ఈ రెండూ మూడింట రెండు వంతులు చెయ్యి. వేగాన్ని ప్రతి ఫ్రేముకు పదో వంతు దగ్గరికి లాగే "లెర్ప్" పద్ధతి నెట్‌లో చాలాచోట్ల కనిపిస్తది, దాని జోలికి పోకు. అది చివర్లో తోక లెక్క సాగుతది, అంచు మీద ఆగాలనుకున్నోడు జారి గుంతలో పడతడు. "మూవ్ టువర్డ్" వాడి త్వరణాన్ని డెల్టాతో (ఒక ఫ్రేముకు పట్టే సమయం) గుణించు, చాలు.

పట్టుకుంటే పెద్ద జంప్, తాకి వదిలితే చిన్న జంప్. ఇది లేని ఆట చేతికి మొద్దుగ అనిపిస్తది. హీరో పైకి పోతుండంగ బటన్ వదిలితే, ఆ క్షణం పైకి ఉన్న వేగాన్ని 0.45తో గుణించు. తాకి వదిలితే టైలున్నర, రెండు టైళ్లు, గట్టిగ పట్టుకుంటే నాలుగు. ఇక్కడ ఒక తప్పు తప్పకుండా దొర్లుతది. స్ప్రింగ్ మీద పడి పైకి ఎగిరినప్పుడు కూడా బటన్ పట్టుకోలేదని వేగం కోసేస్తది. "ఇది జంప్ వల్ల వచ్చిన వేగమే" అని ఒక గుర్తు పెట్టుకొని, అప్పుడే కొయ్యి.

ఇక దయ గురించి. ఆడేటోడి కన్ను, వేలు ఫ్రేము కచ్చితంగ పనిచెయ్యవు. 60 ఫ్రేముల్లో ఒక్కటి 16 మిల్లీసెకన్లు. అంచు మీద ఉన్నప్పుడే నొక్కిన అనుకుంటడు, నిజానికి మూడు ఫ్రేములు ఆలస్యం. ఆటకు కచ్చితత్వం ముఖ్యమని నువ్వు పట్టుబడితే వాడికి ఆటే మోసం చేసినట్టు ఉంటది. అందుకే ఈ మూడు పెట్టు.

కొయోట్ టైమ్: అంచు దాటినంక కూడా 0.1 సెకను, అంటే 6 ఫ్రేముల దాకా జంప్ ఒప్పుకో. 2018లో వచ్చిన సెలెస్ట్ అనే ఆటలో కూడా ఇంతే. కానీ జంప్ అయిన వెంటనే ఆ టైమర్‌ను సున్నా చెయ్యి. మర్చిపోతే గాలిలో రెండో జంప్ ఉచితంగ వస్తది, పిల్లలు అది పట్టుకొని లెవెల్ అంతా పై నుంచే దాటేస్తరు.

ముందుగ నొక్కిన బటన్‌ను గుర్తుపెట్టుకునుడు: నేల తాకకముందే నొక్కితే 0.1 సెకను దాకా దాచిపెట్టి, కాలు ఆనంగనే దుంకియ్యి. వాడుకున్నంక తుడిచెయ్యి. గోడాట్‌లో "ఈజ్ ఆన్ ఫ్లోర్" చెప్పేది కిందటి "మూవ్ అండ్ స్లైడ్" ఫలితం. అందుకని నేల తాకిన సంగతి ఒక ఫ్రేము ఆలస్యంగ తెలిసినట్టు ఉంటది. ఈ దాచిపెట్టుడు దాన్ని కూడా కప్పేస్తది.

మూల సర్దుడు: పైకప్పు మూలకు తల రెండు మూడు పిక్సెళ్లు తగిలి మొత్తం జంప్ ఆగిపోవుడు అన్నిటికంటే చిరాకు. తల తగలబోయినప్పుడు "టెస్ట్ మూవ్"తో 4 పిక్సెళ్ల దాకా అటు ఇటు జరిపి చూడు, ఖాళీ దొరికితే అక్కడికి జరుపు. ఆడేటోడికి కనపడనే కనపడదు.

హీరో ఢీకొనే ఆకారం దీర్ఘచతురస్రం పెట్టు. గొట్టం మాత్ర (క్యాప్సూల్) ఆకారం పెడితే అంచు మీద నిలబడంగ గుండ్రటి అడుగు వల్ల జారిపోతడు. ముండ్లకు, తేళ్లకు దెబ్బ తగిలే డబ్బాను బొమ్మ కంటే ప్రతి వైపు 2, 3 పిక్సెళ్లు చిన్నగ చెయ్యి. లొట్టి డబ్బాను అంతే పెద్దగ చెయ్యి. చావు విషయంలో అనుమానం ఆడేటోడి పక్షాన, దొరికే వస్తువు విషయంలో కూడా వాడి పక్షానే.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలె. తేలికగ, చేతిలో ఆడే జంప్ అన్ని ఆటలకూ కాదు. 1986 క్యాసిల్‌వేనియాలో ఒకసారి దుంకితే గాలిలో దిశ మారదు. 1989 ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో అడుగు పడడానికే సమయం పడతది, స్క్రీన్ మొత్తం 10 నిలువు గళ్లు, 3 అంతస్తులు, ప్రతి దుంకు గళ్ల లెక్కన ముందే ఆలోచించాలె. అయినా రెండూ గొప్పగుంటయి, ఎందుకంటే వాటి గుంతలు, శత్రువులు, సమయం అన్నీ ఆ బరువైన కదలికకు కట్టినవి. 1991 సోనిక్‌లో అయితే ఆనందమంతా వాలు మీద పుంజుకునే వేగంలో ఉంది. నీ హీరో తాడిచెట్ల మీద, గుండ్ల మీద చురుగ్గ ఎగిరే పోరడు కాబట్టి నేను మారియో దారి చెప్తున్న. రేపు నువ్వు ఖిల్లా కావలిదారు కథ చేస్తే బరువైన జంపే బాగుంటది, అప్పుడు లెవెళ్లు మళ్లీ దానికి కొలిచి కట్టాలె.

కొలిచి కట్టుడంటే ఏందో చూడు. జంప్ 5 టైళ్ల దూరం, 4 టైళ్ల ఎత్తు అని తేలింది. అసలు దారి మీద గుంతలు 3 టైళ్లు ఉండాలె. చివరి లెవెళ్లలో 4. 5 టైళ్ల గుంత తప్పనిసరి దారిలో వద్దు, దాచిన లొట్టి ఉన్న పక్కదారికి ఉంచుకో. కొయోట్ టైమ్ 120 వేగం మీద ఇంకో 12 పిక్సెళ్లు కలుపుతది, దాన్ని లెక్కలోకి తీసుకొని గుంత పెంచకు, అది ఆడేటోడికి మిగిలియ్యాల్సిన జాగ. అంకెలు మార్చిన ప్రతిసారి పాత లెవెళ్లన్నీ చెడిపోతయి. జంప్ ముందు, లెవెల్ తర్వాత అనేది అందుకే. నీ ఆరు లెవెళ్లు 15 టైళ్ల జంప్‌కు కట్టినవి, వాటిని సరిచేసుకుంట కూసునే బదులు కొత్తగ కట్టుడే తొందరగ అయితది. బొమ్మలు, టైళ్లు అవే వాడుకోవచ్చు.

మారియో మొదటి లెవెల్‌ను మళ్లా ఆడు, ఈసారి ఆగి ఆగి. హీరో ఎడమ వైపు ఉంటడు, కుడి వైపంతా ఖాళీ, ఎటు పోవాలో ఎవరూ చెప్పరు. మొదటి శత్రువు గూంబా మెల్లగ ఎదురొస్తది. ప్రశ్నార్థకం డబ్బా కొడితే పుట్టగొడుగు కుడికి పోయి, గొట్టానికి తగిలి నీ దిక్కే తిరిగొస్తది, తప్పించుకుందామన్నా మీద పడతది, పడినంక అది మంచిదని తెలుస్తది. చివరి వైపు మెట్లు రెండు జతలు ఉంటయి. మొదటి జత మధ్యల నేల ఉంటది, పడ్డా ఏమీ కాదు. రెండో జత మధ్యల గుంత. అదే దుంకు, ముందు ప్రమాదం లేకుండ నేర్పి, తర్వాత పరీక్ష పెట్టిండ్రు. ఒక్క అక్షరం రాయలె.

నువ్వేమో మొదటి లెవెల్‌లో మూడు స్క్రీన్ల సూచనలు పెట్టినవు. అవి తీసెయ్యి, జాగతో నేర్పియ్యి. నువ్వు అనుకుంటున్న పిల్లలమర్రి లెవెల్ దీనికి బాగా కుదురుతది. ఆ చెట్టు ఊడలను పట్టుకొని ఊగుడు కొత్త విద్య అనుకో. మొదటి ఊడ కింద నేల ఉండాలె, జారితే మళ్లీ ఎక్కొచ్చు. తర్వాత రెండు ఊడలు, కింద గుంత. ఆ తర్వాత ఊడల మధ్యల గబ్బిలం తిరుగుతది. చివరికి పట్టుకున్న సెకనుకు తెగిపోయే ఊడ. ఒక లెవెల్‌కు ఒక్క విద్య, నాలుగు మెట్లు. 2011 సూపర్ మారియో 3డి ల్యాండ్ డైరెక్టర్ హయషిదా తన లెవెళ్లు ఇట్లనే పరిచయం, పెంపు, మలుపు, ముగింపుగ కడతామని చెప్పిండు. నీ నాలుగో లెవెల్‌లో స్ప్రింగ్, నీటి గేట్లు, కదిలే గుండు, తేళ్లు అన్నీ ఒకేసారి వచ్చినయి. ఒక్కటీ నేర్చుకోకముందే ఇంకోటి మీద పడుతుంది. సాగర్ గేట్ల ఆలోచన మాత్రం నాకు బాగా నచ్చింది. 26 గేట్లు వరుసగ లేస్తుంటే వాటి మీదుగ ఉరుకుడు ఒక పూర్తి లెవెల్‌కు సరిపోయే సరుకు, దాన్ని ఇంకోదాంట్లో కలిపి వృథా చెయ్యకు.

లొట్లు ఎక్కడపడితే అక్కడ పెట్టినవు. వాటిని జంప్ దారి మీద వంపుగ పెట్టు, అయిదారు చాలు. ఎక్కడ దుంకాలె, ఎంతసేపు పట్టుకోవాలె అనేది ఆ వంపే చెప్తది.

ఏది నేల, ఏది బొమ్మ? నీ ఆటలో చావులకు సగం కారణం ఇదే అని నా అనుమానం. మన దిక్కు గుండ్లన్నీ ఒకే రంగు, నువ్వు ముందున్న గుండుకు, వెనక కొండకు అదే గోధుమ బూడిద రంగు వేసినవు. ఏది తొక్కొచ్చో తెలవక ఆగుతున్నరు. ఎనక ఉన్నదాన్ని లేతగ, నీలం వైపు తిప్పు, తేడాలు తగ్గించు. తొక్కే ప్రతిదానికి పై అంచు మీద ఒక లేత గీత, రెండు పిక్సెళ్లు, ఎక్కడా తప్పకుండ పెట్టు. పట్టుకునే ఊడలు ఒక రంగు, అలంకారం ఊడలు ఇంకో రంగు. స్క్రీన్‌షాట్ తీసి నలుపు తెలుపు చెయ్యి. అప్పుడు కూడా హీరో, నేల, ముల్లు విడివిడిగ కనిపిస్తే సరిగ్గున్నట్టు.

కెమెరా గురించి ఎక్కువ చెప్ప. పోయే దిక్కుకు 40 పిక్సెళ్లు ముందు చూపియ్యి. నిలువులో మాత్రం ప్రతి జంప్‌కు ఊగనీయకు, కొత్త ఎత్తు మీద కాలు ఆనినప్పుడే జరుపు. హీరో వణుకుతున్నట్టు కనిపిస్తే కెమెరాలో "ప్రాసెస్ కాల్‌బ్యాక్"ను "ఫిజిక్స్"కు మార్చు.

చావు తర్వాత నువ్వు "గేమ్ ఓవర్", నల్ల స్క్రీన్, మెనూ, మళ్లీ లెవెల్ మొదటికి పంపుతున్నవు. అది ఏడెనిమిది సెకన్లు. ఫోన్ తిరిగి ఇచ్చేది సరిగ్గ ఈ సెకన్లలోనే. చచ్చినంక 0.7 సెకను లోపల కదలిక మళ్లీ చేతికి రావాలె. 2010 సూపర్ మీట్ బాయ్ అంత కష్టమున్నా జనం వందలసార్లు చచ్చుకుంట ఆడింది మళ్లీ మొదలుపెట్టుడు వెంటనే ఉండబట్టే. 20, 30 సెకన్ల ఆటకు ఒక నిలిచే గుర్తు (చెక్‌పాయింట్) పెట్టు, దాన్ని కష్టమైన జాగకు ముందే పెట్టు, తర్వాత కాదు.

జంప్ చప్పుడు బటన్ నొక్కిన ఫ్రేములోనే రావాలె. చిన్న చప్పుళ్లకు ఎంపీ3 వద్దు, మొదట్ల కొంచెం ఖాళీ చేరుతది, వేవ్ ఫైలు పెట్టు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో పరీక్షించకు, చప్పుడు ఆలస్యంగ వచ్చి ఆటదే తప్పనిపిస్తది. దిగినప్పుడు బొమ్మను వెడల్పు 1.2, ఎత్తు 0.8 చేసి 0.1 సెకనులో మామూలుకు తెస్తే బాగుంటది. బొమ్మనే సాగదియ్యి, ఢీకొనే ఆకారాన్ని ముట్టకు, లేకుంటే గోడల్లో ఇరుక్కుంటడు.

నీ దోస్తులంతా ఫోన్ మీదనే ఆడుతున్నరు కాబట్టి ఇది జర జాగ్రత్తగ చదువు. అద్దం మీద బటన్ అంచు వేలికి తెలవదు. స్క్రీన్ కుడి సగమంతా జంప్ బటనే చెయ్యి, కనిపించే గుర్తు మూలకు చిన్నగ ఉంటే చాలు. ఎడమ, కుడి బటన్ల మధ్యల సందు ఉంచకు, బొటనవేలు ఎత్తకుండ జారిస్తే దిశ మారాలె. గోడాట్ టచ్ బటన్‌లో "పాస్‌బై ప్రెస్" పెడితే ఆ పని అయితది. జంప్ వేలు ఆనినప్పుడే జరగాలె, ఎత్తినప్పుడు కాదు. 90, 120 హెర్ట్జ్ ఫోన్ల మీద కదలిక గీసుకుంట పోయినట్టు ఉంటే, గోడాట్ 4.3 నుంచి 2డికి ఫిజిక్స్ ఇంటర్‌పొలేషన్ (మధ్యల ఫ్రేములను నింపి కదలికను నున్నగ చేసేది) ఉంది, అది తెరువు.

ఇదంతా చేసినంక పరీక్ష. ఖాళీ గదిలో ఆరు డబ్బాలు, ఒక గుంత, లెవెల్ లేదు, బొమ్మల్లేవు. దోస్తు చేతిలో ఫోన్ పెట్టి మాట్లాడకు. "అట్ల కాదు, ఇట్ల దుంకు" అన్నవంటే ఆ పరీక్ష చెడిపోయినట్టే. వాడి నోట్లకెళ్లి వచ్చే మాట రాసుకో, జబ్బు ఎక్కడుందో ఆ మాటే చెప్తది.

"నొక్కిన గదా, దుంకలేదేంది" అంటే కొయోట్ టైమ్, బటన్ దాచిపెట్టుడు చూడు, లేకుంటే టచ్ బటన్ చిన్నగుంది. "జారుతున్నడు" అంటే ఆగే త్వరణం పెంచు. "నాకు తగల్లే" అంటే ముల్లు డబ్బా పెద్దగుంది. "ఎటు పోవాలె?" అంటే లొట్లు, కెమెరా. "అరె, ఇది తొక్కొచ్చా?" అంటే రంగులు. "మళ్లా ఇక్కడి నుంచేనా!" అంటే నిలిచే గుర్తు దూరం. "ఛ, జర ముందు దుంకాల్సింది" అన్నడా, ఆ జాగను ముట్టుకోకు. అక్కడ ఆట సరిగ్గుంది.

ఒకే చోట ముగ్గురు పడ్డరంటే అది వాళ్ల చెయ్యి కాదు, ఆ చోటే. ఒకసారికి ఒక్క అంకె మార్చు, పాతది పక్కన రాసిపెట్టుకో, తర్వాత కొత్త మనిషికియ్యి. ముందు ఆడినోడి వేళ్లు నీ తప్పులకు అలవాటు పడి ఉంటయి, వాడి మాట మీద ఆధారపడకు. ఖాళీ గదిలో ఎవరూ చెప్పకుండనే ఒకడు అటు ఇటు దుంకుకుంట అయిదు నిమిషాలు ఉన్నడంటే, అప్పుడు దేవరకొండ మొదటి దర్వాజ కట్టుడు మొదలుపెట్టు.